వరస విడిచి వరస

మా మేనత్త పోయింది. ఫోన్ వచ్చేసరికి నేను ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాల మధ్య నిలబడి ఉన్నాను. హొళగుంద దగ్గరి పల్లెలో ఆమె ఇంటి పక్కనే ఉండే అక్క చేసింది. "అప్పా, మీ అత్త పొయ్యి కాడ రొట్టె తడతా తడతానే పక్కకు ఒరిగిపోయింది. ఇంగ ల్యాదు. నువ్వు రా" అంది. ఆస్పత్రి దాకా తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదట. పెనం మీద మాడిపోతున్న జొన్నరొట్టెను తీసి పక్కన పెట్టి, అప్పుడు నాకు ఫోన్ చేసిందట ఆ అక్క. అన్ని మాటల్లోనూ నాకు అదే గుర్తుండిపోయింది.

ఆ రోజు నుంచి ఒక మాట వింటున్నాను. "కంప కొట్టీ కొట్టీ పోయింది పాపం." పరామర్శకు వచ్చినవాళ్ళు అంటారు, బస్సులో కలిసినవాళ్ళు అంటారు, ఆమె ముఖం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా అంటారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆమె గుండె ఆగి పోయింది. డెబ్భై దాటిన మనిషి గుండె ఆగదా? ఆ కంపను ఎట్లా కొట్టాలో మా చుట్టుపక్కల ఊళ్ళలో తెలుసుకున్నది ఆమె ఒక్కతే. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. పాపం అనదలచుకున్నవాళ్ళు చివరిదాకా చదివి అనండి.

ఆమెకు గట్టు వారన నాలుగెకరాలు. గుట్టనే మా వైపు గట్టు అంటాం. రెండు ఎకరాలు కింద చదునుగా, ఒక బావితో, పక్కన వాన నీళ్ళు పారే వంకతో. మిగతా రెండూ గట్టు వాలు. ఎక్కితే పిక్కలు పట్టేసేంత వాలు. దాని నిండా సర్కారు తుమ్మ కంప. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఎవరూ నాటకుండానే పెరుగుతుంది, నరికితే నాలుగు పిలకలు వేస్తుంది, దాని ముల్లు చెప్పును దాటి కాల్లో దిగుతుంది. అడవి పందులు పగలంతా ఆ కంపలో పడుకుని, చీకటి పడగానే దిగి వేరుశనగ చేను తవ్విపోసేవి. కంప తీయకపోతే చేను దక్కదు. తీస్తే వాలు మీద మట్టి నిలవదు, వానకు కొట్టుకొచ్చి బావిలో పడుతుంది. ఆ చేనూ ఆ బావీ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పిల్లలు లేరు. ఒకరి ఇంట్లో కూర్చుని తినే మనిషి కాదు. ఆదోనికి వచ్చి మా ఇంట్లో ఉండమని నేనెన్ని సార్లు అన్నా, "మీ ఇంట్లో నాకు పనేముందప్పా?" అని అడిగేది.

మొదట నిప్పు పెట్టింది మా మామ. రెండు రోజులు పొగ. గట్టు నల్లగా, బోడిగా తేలింది. ఊరంతా మెచ్చుకుంది. మొదటి పెద్దవానకు బూడిద దిగింది, దాని వెంట మట్టి దిగింది, మట్టి వెంట రాళ్ళు దిగాయి. బావి సగానికి పూడింది. కంప మొదళ్ళు మాత్రం చావలేదు, నెల తిరక్కుండా చిగురు వేశాయి. బావి పూడిక తీయడానికి ఒక వేసవి అంతా పట్టింది. ఆ తర్వాత అగ్గిపెట్టె ఎప్పుడూ అత్త కొంగు ముడిలోనే ఉండేది. మామ ప్రతి బీడీకీ అడిగి తీసుకునేవాడు, పోయేదాకా.

రెండో తప్పు నాది. మామ పోయిన తర్వాతి ఏడు. నలుగురిలో కాస్త తెలివైనవాడిననే పేరు ఉండేది నాకు అప్పటికి. మా వైపు చేలల్లో మంద పెట్టించడం అలవాటు. గొర్రెల మందనో మేకల మందనో కొన్నాళ్ళు చేనులోనే ఆపితే, పెంటికలతో నేల బలపడుతుంది. మేకలను గట్టు మీద ఆపితే ఆకూ తింటాయి, ఎరువూ వేస్తాయి, ఒకే దెబ్బకు రెండు పనులు అని లెక్క వేశాను.

"యాడ మేసి వస్తాయప్పా ఆ మేకలు?" అని అడిగింది అత్త.

"వంక పొడుగునా మేపుకుంటా తోలుకొస్తారత్తా."

"వంకలో ఏముంది మేసేకి?"

"ఏముంటుంది, తుమ్మలే" అన్నాను నవ్వుతూ.

అత్త నా ముఖంలోకి చూసింది. "సరే, నీ ముచ్చట యేమిటికి కాదనల్ల" అంది.

మేకలు తుమ్మ ఆకు ముట్టనే లేదు. వంకలో మాగి రాలిన తుమ్మకాయలు మాత్రం కడుపు నిండా తిని వచ్చి, పది రోజులు గట్టంతా పెంటికలు వేసి పోయాయి. తొలకరి పడగానే వాలంతా నారుమడి అయింది. పెంటిక ఉన్న చోటల్లా తుమ్మ మొలక. ఆదోని నుంచి వచ్చి చూశాను. అత్త నా పక్కనే నిలబడి, "బాగా మొల్సినాయి లే. మన శెనక్కాయ ఎప్పుడూ ఇట్ల మొల్సలే" అంది. ఆ ఊళ్ళో నన్ను ఇప్పటికీ మేకలాయన అంటారు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొలకలు పీకించింది. "రెండాకులప్పుడు రెండు వేళ్ళు సాలు. నాలుగాకులు వేసిందంటే గడ్డపార కావాల" అని చెప్పింది. నాలుగు ఆదివారాలు పీకాను. సగం కూడా కాలేదు.

ఆ తర్వాత సలహాలు చెప్పడానికి జనం వరసకట్టారు. ఎమ్మిగనూరులో పురుగు మందుల అంగడి ఆయన గడ్డి మందు కొట్టమన్నాడు. "కింద బావి ఉందప్పా. నేను తాగేది ఆ నీళ్ళే" అని చెప్పి లేచి వచ్చేసింది. ఆమె మరిది కొడుకు జేసీబీ కొన్నాడు. మంచివాడు, పెద్దమ్మా అంటూ చుట్టూ తిరిగేవాడు. "వేర్లతో సహా పీకి వంకలో పారేస్తా పెద్దమ్మా. ఒగ్గ పూట పని" అన్నాడు. అత్త బండి చుట్టూ ఒకసారి తిరిగి, బకెట్ పళ్ళు చేత్తో తడిమి చూసింది.

"ఇది గట్టు ఎక్కేకి దారి కావాల గదా?"

"దారి అదే సేసుకుంటాది పెద్దమ్మా."

"ఆ దారిన నీళ్ళు రావా మల్ల? వేర్లు పీకినాక మట్టిని పట్టుకునేది ఎవురు, నీ బండా?"

వాడు తల గోక్కున్నాడు. ఆమె వాడికి కాఫీ ఇచ్చి పంపింది. బండి మాత్రం గట్టు కిందే ఆగింది.

ఆమె పద్ధతి ఎక్కడ నేర్చిందో నాకు చాలా రోజులకు తెలిసింది. మామ నిప్పు పెట్టిన ఏడు, వానకు గట్టంతా జారిపోతే, పాత కంచె కంప అడ్డంగా పడి ఉన్న ఒక్క చోట మట్టి ఆగిందట. అందరూ బావిని చూసి ఏడుస్తుంటే ఆమె ఆ చోటు చూసింది. అంతే. వరస విడిచి వరస కొట్టాలని అప్పుడే అనుకుందట.

వాలుకు అడ్డంగా నాలుగు బారల వెడల్పున ఒక వరస కొట్టాలి, దాని పైన ఒక వరస వదిలేయాలి. మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వి, గడ్డ కట్టిన చోటుకు కింద నరకాలి, అప్పుడే పిలక రాదు. కొట్టిన కంపను అడ్డంగా పరిచి రాళ్ళు పెట్టాలి. వానకు మట్టి వచ్చి దాని వెనక ఆగుతుంది. ఆ మట్టిలో ఉలవలు చల్లాలి. ఉలవ అల్లుకుని నేలను పట్టుకున్నాకే వదిలిన వరస జోలికి పోవాలి. ఎప్పుడూ పైకి చూస్తూనే కొట్టాలి. "జారితే గట్టు మీద పడాల, వంకలో గాదు" అనేది.

పక్కింటి అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆమెతో కలిశారు. వాళ్ళ చేలకూ అవే పందులు, అదే కంప. అత్త చీర మీద మామ పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, కాలరుకు పిన్నీసు పెట్టుకుని పోయేది. పిన్నీసు ముల్లు తీయడానికి. నేను పోయినప్పుడల్లా నా కాలే ముందు తీయాల్సి వచ్చేది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆ చారల గట్టును చూసి నవ్వేవారు, సగం గుండు చేసి మంగలి లేచిపోయినట్టుందని. నేనూ ఉండబట్టలేక ఒకసారి అడిగాను, ఇట్లయితే ఎన్నేళ్ళు పడుతుందని.

"నాకేం తొందర ల్యాదప్పా. తొందరపడినోళ్ళ పని సూసినాము గదా, మీ మామదీ, నీదీ" అంది.

ఐదేళ్ళు పట్టింది. ఒక ఏడు వాన రెండు రోజులు ఆగకుండా కొట్టింది. పక్క గట్టును జేసీబీతో శుభ్రం చేయించినవాళ్ళ చేను మీద మోకాలి లోతు రాళ్ళు, ఇసక పడ్డాయి. అత్త బావిలో నీళ్ళు రెండు రోజులు ఎర్రగా ఉండి తేరుకున్నాయి. పందులు వేరే గట్టు చూసుకున్నాయి. ఆ ఏడు చూసి కూడా ఆమెను పాపం అనేవాళ్ళకు నేనేం చెప్పను? గట్టు మీద పెద్ద రాతి గుండ్ల కింద ఒక్క వరస కంప మిగిలింది. దసరా అయినాక కొడదామంది. అంతలోనే ఆ రొట్టె మాడింది.

పోయాక తనను గట్టు మీద మూడో వరసలో పూడ్చిపెట్టమని ఎప్పుడో చెప్పి ఉంచింది. నేను చేరేసరికి గట్టు కింద జేసీబీ నిలబడి ఉంది, ఇంజన్ నడుస్తోంది. మరిది కొడుకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పాడె ఎత్తుకొని ఆ వాలు ఎట్ల ఎక్కుతాము బావా? నేరుగా దారి వేస్తా. గుంత గూడా నేనే తీస్తా. మా పెద్దమ్మకు ఈ మాత్రం సేయనీ" అన్నాడు.

పెద్దలు సరేనంటున్నారు. నేను పోయి బండి ముందు నిలబడ్డాను.

"ఇంజన్ ఆపు. బతికినన్నాళ్ళూ ఎక్కనియ్యని బండిని, ఆమె సచ్చిందని ఎక్కిస్తావా? మేకలు తోలిన తప్పు నేను సేసినాను. నువ్వు ఇది సెయ్యొద్దు."

శవం ముందర పంచాయతీ ఏమిటని ఒక పెద్దాయన నా చెయ్యి పట్టి లాగాడు. నేను కదల్లేదు. ఇంతలో పక్కింటి అక్క తన ఇంట్లోంచి గడ్డపార తెచ్చుకుంది. చీర దోపుకుని మొదటి వరస మీదుగా ఎక్కడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ ఆమె వెనక. కాసేపటికి పైనుంచి తవ్వుతున్న చప్పుడు వినిపించింది. మా వైపు ఆడవాళ్ళు గుంత తవ్వడం నేనెన్నడూ చూడలేదు. పెద్దాయన నా చెయ్యి వదిలేశాడు. మరిది కొడుకు కాసేపు పైకే చూసి, ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని దిగాడు.

"పాడె ముందర నేను పడతా బావా" అన్నాడు.

ఆమె కొట్టిన వరసల వెంబడే మోశాం. ఒక వరస చివరిదాకా అడ్డంగా నడిచి, పై వరసకు ఎక్కి, మళ్ళీ వెనక్కి. నేరుగా ఎక్కితే కొద్ది దూరమే. మాకు చాలా సేపు పట్టింది. ఒక్కరి కాలూ జారలేదు.

పదకొండో రోజు అయిన తర్వాత మంచి వాన పడింది. మరుసటి ఆదివారం పోయాను. భూమి ఇప్పుడు మరిది కొడుకుదే. ముందు బావిలోకి చూశాను, తర్వాత గట్టు ఎక్కాను. వాడు అప్పటికే మూడో వరసలో ఉన్నాడు. పక్కన కొడవలి, గడ్డపార. బండి ఎక్కడా కనపడలేదు. సమాధి కింది అంచున మేము పరిచిన కంప వెనక మట్టి బెత్తెడు మందాన ఆగి ఉంది. పెట్టిన మట్టి పెట్టినట్టే ఉంది. దాని మీద, సరిగ్గా నడుమన, రెండాకుల తుమ్మ మొలక ఒకటి లేచింది.

వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నీ మేకలదే బావా" అన్నాడు.

రెండు వేళ్ళతో పట్టి లాగాను. వేరుతో సహా వచ్చింది. పక్కన ఇంకోటి ఉంది. దాని పక్కన ఇంకోటి. చెప్పులు విడిచి ఆమెకు ఒక పక్క నేనూ, ఇంకో పక్క వాడూ కూర్చున్నాం.