సుభద్ర గారి ఫిర్యాదుల పుస్తకం

స్తంభం దగ్గర ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, లైన్‌మన్ ప్రసాద్. ఉన్న వస్తువులు: అల్యూమినియం నిచ్చెన ఒకటి, ఫైబర్ అతికించే యంత్రం, నీళ్ల సీసా, విప్పి రుమాలులో పెట్టిన నాలుగు స్క్రూలు. పైనున్న నల్లటి డబ్బా మూత ప్రసాద్ తీయగానే కలరా ఉండల వాసన కిందిదాకా వచ్చింది. లోపల పన్నెండు అతుకులు, ఎండిపోయిన బల్లి ఒకటి, శనగగింజంతకు అరిగిపోయిన కలరా ఉండలు రెండు. “ఎవరండీ బాబూ ఈ పెద్దమనిషి, డబ్బాని బట్టల బీరువా అనుకున్నారా?” అన్నాడు ప్రసాద్. నేను నవ్వలేకపోయాను. చీమలూ బల్లులూ దూరకుండా ప్రతి డబ్బాలో రెండేసి కలరా ఉండలు వేయించే నెట్‌వర్కు ఈ గోదావరి గట్ల మీద నాకు తెలిసి ఒక్కటే. అది సుభద్ర గారిది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆ తీగలన్నీ ఇప్పుడు నేను పనిచేస్తున్న రాజమండ్రి కంపెనీ చేతికి వచ్చాయి. ఆ బల్లి విషయంలో తప్ప ఆవిడ పద్ధతి బాగానే పనిచేసిందని ప్రసాద్‌తో చెప్పాను.

కొవ్వూరు నుంచి గట్టు వెంబడి ఆటోలో ఇరవై నిమిషాలు వెళ్తే వచ్చే చిన్న ఊరు అది. సుభద్ర గారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఆ ఊళ్లో ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే వ్యాపారం పెట్టారు. ఎరువుల కొట్టు పైన ఒకే గది ఆఫీసు. నేను ఇంజినీరింగ్ పూర్తిచేసి, సర్టిఫికెట్ల ఫైలుతో వెళ్లాను. నాకు వచ్చిన విద్యలన్నీ వరసగా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, పొడుగాటి గీతల పుస్తకం ఒకటి నా ముందుకు జరిపారు. “ఇది ఫిర్యాదుల పుస్తకం అండి. ముందు ఇది రాయడం నేర్చుకోండి, మిగతావి మీకు వచ్చనే అంటున్నారుగా” అన్నారు. ఇరవై రెండేళ్లవాడిని కూడా ఆవిడ ‘అండి’ అనకుండా పిలవలేదు. కోపం వచ్చినప్పుడు మాత్రం ‘ఇంజినీరు గారు’ అనేవారు.

ఆ పుస్తకానికి ఎక్స్‌ఛేంజ్ నాటి నియమాలే. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు. ఎవరు చెప్పారు, గోడ గడియారంలో టైమెంత, ఏమన్నారు. మూడోది వాళ్ల మాటల్లోనే ఉండాలి, మన భాషలోకి మార్చకూడదు. నేను మొదటివారం ‘సిగ్నల్ లోపం’ అని రాసిన చోట ఆవిడ కొట్టేసి, ఫోన్ చేసి కనుక్కుని, “మా ఆయన క్రికెట్ చూస్తే వస్తంది, నేను సీరియల్ పెడితే పోతంది” అని తిరగ రాశారు. ఇదంతా కంప్యూటర్‌లో ఉంటుంది కదండీ అని ఒకసారి అడిగాను. “కంప్యూటర్‌లో మిషను చెప్పింది ఉంటుందండి. ఇందులో మనిషి చెప్పింది ఉంటుంది. రెండూ ఒకటే చెప్పినప్పుడు నమ్మండి” అన్నారు. అది పాతకాలపు మనిషి చాదస్తమని నేను లోపల తీర్మానించుకున్నాను. పైకి మాత్రం తలాడించాను.

అక్కడ చేరిన రెండో ఏడు ఊళ్లో గొడవలు వచ్చాయి. ఒక విగ్రహం ఎక్కడ పెట్టాలన్న దాని మీద రెండు వర్గాలు చాలా రోజులుగా కస్సుబుస్సుమంటున్నాయి. ఒక మధ్యాహ్నం రేవు సెంటర్‌లో రాళ్లు విసురుకున్నారు. పన్నెండున్నరకు ఎవరో పేరు తెలియనివాళ్లు దాన్ని ఫోన్లో లైవ్ పెట్టి, “మనవాళ్లని కొడుతున్నారు, అందరూ రండి” అన్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు వచ్చారు. సాయంత్రానికి రెండు కొట్లు తగలబడ్డాయి, ఒకతనికి కన్ను పోయింది. ఏడు గంటలకు రెవెన్యూ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఊరంతా నెట్ ఆపేయమని. సుభద్ర గారు “ఆపుతానండి. కాగితం పంపండి” అన్నారు. అవతలాయన విసుక్కున్నట్టున్నాడు. “నిజమేనండి, అర్జెంటే. అందుకే తొందరగా పంపండి” అని ఫోన్ పెట్టేశారు. గంటలో ఉత్తర్వు వచ్చింది, వాట్సాప్‌లోనే. వదంతులు వ్యాపించకుండా ఏడు రోజులు మొబైల్ డేటా, ఇళ్ల ఇంటర్నెట్ రెండూ నిలిపివేయాలని. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, ప్రింటు తీయించి, షట్టర్ మీద అంటించి, ఆ తర్వాతే ఆపమన్నారు. పుస్తకంలో ఆపిన టైము 8.10 అని రాశాను.

మర్నాటి నుంచి మెట్ల మీద జనం. ఆవిడ ఎవరినీ పొమ్మనలేదు, కుర్చీ వేయించి ఒక్కొక్కరి ఫిర్యాదూ రాయించారు. లైను మనమే ఆపాం కదా, ఇవి రాసి ఏం లాభమన్నాను. “నంబరు లేని బాధని బాధ కింద లెక్కవెయ్యరండి” అన్నారు. రొయ్యల చెరువు రైతు: “రొయ్య తేలతంది. ఫొటో పంపితే భీమవరంలో డాక్టరు గారు మందు చెప్తారు. ఫొటో ఎలా పంపమంటారు?” దుబాయ్‌లో భర్త ఉన్న ఒకావిడ: “టీవీలో ఊరు చూసి అక్కడ అన్నం తినట్లేదంట. ఆయన మాట్లాడేది వాట్సాప్‌లోనే అండి.” రిటైరైన మాస్టారు ఒకాయన చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “పక్కింటాయన ఇద్దరు పోయారంటున్నారు. ఎదురింటాయన పదిమంది అంటున్నారు. నెట్ ఉన్నప్పుడు అబద్ధాన్ని చూసైనా చూసేవాణ్ణి, ఇప్పుడు విని ఊరుకోవలసి వస్తోంది.” చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. సుభద్ర గారు ఆ పేజీలకు నకళ్లు తీయించి, ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపారు. జవాబు రాలేదు. రాలేదని కూడా పుస్తకంలో రాయించారు.

మూడో రోజు ఉదయం ఆవిడ కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి నిడదవోలు వెళ్లారు. ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చారు, మర్యాదస్తుడు. కూర్చుని మంచినీళ్లు తాగి, “మీలాంటి చదువుకున్నోళ్లకి చిటికెలో పని బాబూ. ఆ లైవ్ వీడియో తీసింది రేవు వీధిలో డాబా మీద నుంచంట. పన్నెండున్నరకి ఆ వీధిలో ఎవరింటి నుంచి ఎక్కిందో కాస్త చూసిపెట్టు” అన్నారు. నిజంగానే చిటికెలో పని. సర్వర్‌లో ఏ ఇంటి నుంచి ఎంత డేటా ఎప్పుడు పైకి వెళ్లిందో వరసలు ఉంటాయి. పన్నెండున్నర దగ్గర వెతికాను. ఆ వీధి మొత్తంలో ఒక్క ఇంటి నుంచే నలభై నిమిషాల పాటు వీడియో స్థాయిలో వెళ్లింది. పేరు, ఇంటి నంబరు టైపు చేసి, ప్రింటు తీసి ఇచ్చాను. “శభాష్” అన్నారాయన. ఆ మాటకు నేను సంతోషించాను. అది దాచడం ఎందుకు.

సుభద్ర గారు తిరిగొచ్చాక గర్వంగానే చెప్పాను. ఆవిడ నల్ల కళ్లద్దాలు తీయకుండా అడిగారు, “కాగితం ఇచ్చారా?”

“నోటితోనే అడిగారండి.”

“ఏం రాసిచ్చారు, ఇంజినీరు గారు?”

చెప్పాను. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. వచ్చింది ఆ పేరుగల మనిషే, నూకరాజు గారు. గోదావరిలో వల వేసి, చేపలు అమ్ముకుని కూతుర్ని నర్సింగ్ చదివించారు. “మా దుర్గని స్టేషన్‌కి తీసుకెళ్లారండి. ఫోన్ లాగేసుకున్నారంట. వీడియో ఏదో పెట్టిందంటున్నారు. సోమవారం కాకినాడ ఆస్పత్రిలో నర్సుగా చేరాలండి అది. కేసు లేదని ఈ స్టేషన్‌ వాళ్లే కాగితం ఇవ్వాలి, అది లేకుండా చేర్చుకోరు” అన్నారు. గుమ్మంలోనే నిలబడి, మా ఇద్దరినీ కాకుండా గోడను చూస్తూ చెప్పారు. ఆ పేరు ఎక్కడి నుంచి వెళ్లిందో ఆయనకింకా తెలియదు.

సుభద్ర గారు ఆయన్ని కూర్చోబెట్టి ఫిర్యాదుల పుస్తకం తెరిచారు. గొడవ రోజు పేజీ మీద వేలు పెట్టి నాకు చూపించారు. ఉదయం 11.40. రేవు వీధి మొదట్లో కిళ్లీకొట్టు సత్తిబాబు చెప్పింది: “ఇసక ట్రాక్టరు మీ వైరు తెంపుకుపోయింది, వీధి మొత్తానికి లేదు.” కింద, అతికించిన టైము 2.15. సంతకం నాది.

“రెండుంబావు దాకా ఆ వీధికి లైనే లేదు. నిచ్చెనెక్కి అతికించింది మీరే. మరి పన్నెండున్నరకి ఈయన ఇంట్లోంచి వీడియో దేని మీద వెళ్లిందండి?”

సర్వర్ ముందు కూర్చున్నాను. పాత సర్వర్ పాడైతే అంతకు వారం ముందే కొత్తది తెప్పించాం. పెట్టె విప్పింది, అమర్చింది అన్నీ నేనే. దాని గడియారం మన టైముకు మార్చలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన లండన్ టైములోనే నడుస్తోంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. అక్కడ పన్నెండున్నర అంటే మనకు సాయంత్రం ఆరు. “ఆ రోజు ఆరింటికి మీ అమ్మాయి ఏం చేస్తోందండి?” అని సుభద్ర గారు నూకరాజు గారిని అడిగారు. “ఇంటర్వ్యూ అండి. ఆ ఆస్పత్రి వాళ్లే, ఫోన్లో బొమ్మ కనపడేలా మాట్లాడారు. ఆరింటి నుంచి నలభై నిమిషాలు” అన్నారాయన.

స్టేషన్‌కు ముగ్గురం నడిచి వెళ్లాం. దారిలో సుభద్ర గారు నాతో అన్నది ఒక్కటే: “తప్పు మీరే చెప్పాలి. నేను చెబితే మిమ్మల్ని కాపాడినట్టుంటుంది, ఆ పిల్లని కాదు.” దుర్గ బల్ల మీద కూర్చుని ఉంది, చున్నీ కొస చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ. నేను ఎస్సై గారి ముందు నిలబడి గడియారం సంగతి చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. ఆయన పుస్తకంలో 11.40, 2.15 చదువుకుని, “అయితే పన్నెండున్నరకి పెట్టిందెవరో అది చెప్పండి” అన్నారు.

“ఆ టైములో ఆ వీధిలో మా లైను లేదండి. తెలిసింది అంతే, అంతే రాసిస్తాం. ఇంకేమైనా కావాలంటే కాగితం మీద అడగండి, కాగితం మీద చెబుతాం” అన్నారు సుభద్ర గారు.

“ఊరు తగలబడుతుంటే మీకు కాగితాలు కావాలా అమ్మా?”

“తగలబడుతున్నప్పుడే కావాలండి. చల్లగా ఉన్నప్పుడు జాబితాలు ఎవరూ అడగరు. ఆ వీడియో పెట్టినవాడు దొరకాలనే నా ప్రార్థన కూడాను. కన్ను పోయినతను మా కస్టమరే. కాని దొరకనివాడి బదులు దొరికినవాళ్లతో సరిపెట్టకండి.”

ఎస్సై గారు చెడ్డమనిషి కాదనే ఇప్పటికీ అనుకుంటాను. పైనుంచి రోజుకు నాలుగుసార్లు ఫోన్లు వస్తున్నాయని ఆయనే అన్నారు. చివరికి జరిగిన పొరపాటు నా చేత రాయించుకున్నారు. సుభద్ర గారు రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకున్నారు. అంతకుముందు నేనిచ్చిన ప్రింటు వెనక్కి అడిగితే ఇవ్వడం కుదరదన్నారు. అయితే దాని మీద అడ్డంగా ‘ఇది తప్పు’ అని నన్ను రాసి సంతకం పెట్టనివ్వమన్నారు ఆవిడ. పెట్టాను. దుర్గ ఫోన్ దుర్గ చేతికి వచ్చింది. శనివారం నాటికి కేసులేవీ లేవన్న కాగితమూ వచ్చింది. వీడియో పెట్టింది ఎవరో నేనున్నంతకాలం తేలలేదు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. ఆవిడ పుస్తకం నా ముందు పెట్టి, “ఫిర్యాదు రాసుకోండి, మీ మీద. మీ మాటల్లోనే” అన్నారు. రాశాను. పరిష్కరించిన టైము అనే గడి ఖాళీగా వదిలితే, నూకరాజు గారింటికి వెళ్లొచ్చాక నింపమన్నారు. వెళ్లాను. నూకరాజు గారు వల చిక్కులు తీస్తూ తలెత్తకుండానే, “మా పడవకి గడియారమే లేదు ఇంజినీరు గారు. అయినా టైముకే ఒడ్డుకొస్తంది” అన్నారు. దుర్గ లోపలి నుంచి టీ తెచ్చి ఇచ్చి, “మీరు ఆరింటికి ఇచ్చిన నెట్ ఇంటర్వ్యూ మధ్యలో రెండుసార్లు ఆగింది. అది కూడా రాసుకోండి, నంబరు వేసి” అంది. రాసుకున్నాను. కారణం ఏమిటని వెతికితే, మధ్యాహ్నం హడావిడిగా నేను వేసిన అతుకే సరిగా లేదు.

మూడేళ్లుగా నేను రాజమండ్రిలో పెద్ద కంపెనీలో ఉన్నాను. వేల ఇళ్ల వరసలు నా చేతి కింద ఉంటాయి. ఏ ఊళ్లో గొడవైనా, ఎన్నికలొచ్చినా, ఎవరో ఎవరినో తిడుతూ పోస్టు పెట్టినా ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లు అప్పటి హెడ్ కానిస్టేబుల్ గారిలాగే మర్యాదగా అడుగుతారు, చదువుకున్నవాడినని మెచ్చుకుంటారు. వరసల్లో ఒక పేరు చిటికెలో కనిపిస్తుంది. ఆ పేరు వెనక సోమవారం ఎక్కడ చేరాల్సిన మనిషి ఉందో వరసల్లో ఉండదు. అందుకని ముందు కాగితం అడుగుతాను, వచ్చాక గడియారం చూస్తాను, ఆ తర్వాత ఆ రోజు ఆ వీధిలో పనిచేసిన లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఏం జరిగిందో అతని మాటల్లో వింటాను. దీనివల్ల నాకు మొండివాడనే పేరు వచ్చింది. ఒక ప్రమోషన్ ఏడాది ఆలస్యమైంది. పర్వాలేదు.

ఈ మూడేళ్లలో నోటిమాటతో పేర్లు అడిగినవాళ్లు పద్నాలుగు మంది. అడిగాక కాగితం పంపినవాళ్లు ఐదుగురు.