మెర్విన్ కాలి మౌసు

ఆస్ట్రేలియాలోని రాక్‌హాంప్టన్ ఊరి కబేళాలో పద్దెనిమిదేళ్ళు ఎముకలు కోసిన మెర్విన్‌కి ఇప్పుడు మోచేతుల కింద ఏమీ లేదు. రంపం పట్టుకుపోయింది. కానీ ఆ కాళ్ళు చూడాలి! కుడికాలి కింద చెప్పులాంటి మౌసు. అది జరిపితే తెరమీద బాణం జరుగుతుంది. ఎడమ మడమ కింద పెద్ద బటన్. నొక్కితే క్లిక్. పిక్కలు పట్టేసేదాకా రెండేళ్ళు సాధన చేశాడు. తెరమీది అక్షరాలు ఒక్కొక్కటే నొక్కుతూ ఊరి రగ్బీ క్లబ్బు వార్తలన్నీ ఇప్పుడు తనే రాస్తాడు.

తిండి పెట్టడానికి, బాత్రూముకి తీసుకెళ్ళడానికి మాత్రం సహాయకురాలు సలోతే రావాలి. ఆమె జీతం ప్రభుత్వానిది. సాయం ఇంకా కావాలా వద్దా అని ఏడాదికోసారి ఒక అధికారి వచ్చి చూసిపోతుంది.

మకాయ్ ఊళ్ళో ఉండే అక్క గ్లెనిస్, ఈసారి అధికారి వచ్చే పూట కోసమే వచ్చింది.

"ఒరే, ఆవిడ ముందు కాళ్ళు ముడుచుకుని కూర్చో. క్లబ్బు వార్తల సోది ఎత్తావో, చంపేస్తా."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అక్కా?"

"కాదురా, కూయకుండా ఉండలేని ముసలి కోడిపుంజువి."

అధికారి ఫెలిసిటీ తియ్యగా మాట్లాడింది. మెర్విన్ బుద్ధిగా కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆవిడ కాలి మౌసు వంక చూసింది.

"ఇవి అందరిళ్ళల్లోనూ దుమ్ముపట్టి పడుంటాయండీ. ఎవరికీ చేతకాదు, పాపం."

ఆ 'పాపం' మెర్విన్‌కి ముల్లులా దిగింది. గ్లెనిస్ దగ్గింది. అతను వినలేదు. నిమిషంలో ఫెలిసిటీ పేరు, కింద "స్వాగతం" తెరమీదికి వచ్చేశాయి.

"అబ్బ, అద్భుతమండీ!" ఫెలిసిటీ చప్పట్లు కొట్టి, ఏదో రాసుకుంది.

మూడు వారాలకి మెయిల్ వచ్చింది. 'సొంతంగా బతకగలరని గమనించాం. అభినందనలు.' సోమవారం నుంచి సలోతే రాదు.

గ్లెనిస్ మళ్ళీ పరిగెత్తుకొచ్చి ఫెలిసిటీకి ఫోన్ చేసింది. "కాళ్ళు ముద్ద పెడతాయా వాడికి?"

"అభ్యంతరముంటే ఆన్‌లైన్లో ఫారం ఉందండీ. ఆయన నింపగలరుగా!"

నింపాడు. చివరి ప్రశ్న: ఈ ఫారం ఎవరు నింపారు?

"వేరొకరు అని నొక్కరా. ఒక్క అబద్ధం, నీ తిండి కోసం."

"ఇంత చక్కగా నింపి, ఇంకెవడి పేరో చెప్పనా?"

"చెప్పాలి! సిగ్గులేకుండా చెప్పాలి!"

బాణం కాసేపు అటూ ఇటూ తిరిగింది. 'నేనే' మీద ఆగింది. మడమ దిగింది.

కుదరదని మర్నాడే జవాబొచ్చింది.

సోమవారం, గ్లెనిస్ బల్లమీద పెట్టి వెళ్ళిన శాండ్‌విచ్ మీదికి మెర్విన్ వంగాడు. పళ్ళకి అందక, ముక్కుతో ప్లేటు అంచుకి నెట్టాడు. సగం నేలమీద పడింది.

మోకాళ్ళ మీద కూర్చుని అదీ తిన్నాడు.