రాగి తీగతో కట్టిన ఈగలు

పందొమ్మిది వందల అరవైల మొదట్లో మా అన్న అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానలో పడుకుని ఈగలు కట్టేవాడు. చేపలు పట్టే ఈగలు. గాలానికి కోడి ఈక ముక్క, నాలుగు నల్ల మేక వెంట్రుకలు పెట్టి దారం చుడితే నీళ్ల మీద వాలిన పురుగులా ఉంటుంది. వానపాములతో పని లేదు. ఈ విద్య వికారాబాదు స్టేషన్లో ఒక రైల్వే గార్డు దగ్గర నేర్చుకున్నాడు. మేకలు కాసే ఇంట్లో ఇదేం పిచ్చి అని మావాళ్లు నవ్వేవారు. కాగ్నా నదిలో పరక చేపలు మాత్రం నవ్వకుండా పట్టుబడేవి.

ఆదివారాలు తాండూరు నుంచి రైల్లో పోయి అన్నను చూసేవాణ్ణి. మొదటిసారి ఆరు ఈగలు ఇచ్చాడు. ఇంటికి తెస్తే వదిన వాటిని ముట్టలేదు.

"దారం ఉమ్మితోని తడుపుతడు, పండ్లతోని తెంపుతడు. నాకు ఎర్కలేదా? ఇంట్ల ఇద్దరు పిల్లలున్నరు తమ్మీ," అని కట్టెపుల్లతో పొయ్యిలోకి నెట్టింది.

నాకు ఒళ్లు మండింది. ఆమె చెప్పింది నిజం కాబట్టి ఇంకా మండింది. మరుసటి ఆదివారం అన్నకు దాచకుండా చెప్పాను. "నన్నే ఇంట్లకెళ్లి తీసేసినట్టాయె తమ్మీ," అన్నాడు.

నేను తాండూరులో మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో పనిచేసేవాణ్ణి. కాలిపోయిన మోటారులోని సన్నటి రాగి తీగ కొంత పట్టుకెళ్లి ఇచ్చాను. కొత్త తీగ చుడితే లేచిపోతుంది, కాలిన తీగ మెత్తగా చెప్పినట్టు వింటుంది. తడపక్కర్లేదు, ముడి వేయక్కర్లేదు. కొస పట్టుకుని అటూ ఇటూ వంచితే తెగుతుంది. నోటితో పనే లేదని వదినకు ఒట్టు వేసి చెప్పాను. ఒప్పుకుంది. అయినా తెచ్చిన ప్రతి ఈగనూ గిన్నెలో వేసి మరిగించేది. ఈకలు చింపిరిగా తయారయ్యేవి, పరకలకు ఆ పట్టింపు లేదు. నేను చేపలు పట్టుకొస్తే పులుసు పెట్టి, "మీ నాయిన పట్టిన చాపలు, తినుండ్రి," అని పిల్లలకు వడ్డించేది. ఆ మాట చేరవేస్తే అన్న మరో నాలుగు కట్టేవాడు.

రెండో వానాకాలం చివర ఒక్కటే ఇచ్చాడు. రైల్లో చూసుకుంటే తీగ కొస నలిగి పలచబడి ఉంది. పంటి గుర్తు. కత్తిరించేద్దామనుకున్నాను. ఒట్టు వేసింది నేనే కాబట్టి చేయి రాలేదు.

వదిన ఎప్పటిలాగే గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. ఈగను వెలుతురులోకి పట్టి చూసి ఆగింది.

"పండ్లతోని తెంపిండు."

"చేతులల్ల బలం లేదు వదినె," అన్నాను.

ఆమె గిన్నె దించి నీళ్లు పారబోసింది. ఈగను తన కుంకుమ డబ్బాలో పెట్టి మూత వేసింది.