మేనత్త చింతపండుతో తోమిన తుపాకి

ఎన్నికలు వస్తున్నాయంటే అందరికీ మైకులూ పోస్టర్లూ గుర్తొస్తాయి గానీ, నాకు మాత్రం మా ఇంటి జోడు గొట్టాల తుపాకి గుర్తొస్తుంది. లైసెన్సు ఉన్న ప్రతివాళ్ళూ ఓట్లు ముగిసేదాకా తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించి రావాలి కదా, అందుకని ప్రతిసారీ నేను మా తాత కుట్టించిన కాన్వాసు సంచిలో దాన్ని పెట్టి, చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్నట్టు పెట్టుకుని, ఆటోలో బయలుదేరుతాను. డెబ్బై దాటిన ఆడమనిషి తుపాకితో స్టేషన్ మెట్లెక్కుతుంటే కానిస్టేబుళ్ళు లేచి నిలబడటం చూడాలి, ఆ సరదా నాకు ఇప్పటికీ తీరలేదు.

మొన్న వెళ్ళినప్పుడు అక్కడ సబ్ ఇన్‌స్పెక్టరు కొత్తాయన, చిన్న వయసు. తుపాకిని తూటాలు పెట్టే మడత దగ్గర మధ్యకు విరిచి, గొట్టాల్లో వెలుతురు చూసి, ఠపీమని మూశాడు. నాకు ఒళ్ళు మండింది. "మెల్లగా మూయప్పా, అది జీపు డోరు కాదు" అన్నాను. పాపం, కోపగించుకోలేదు. గొట్టాల మీద వేలు రాసి, ఆ చుట్టలు చుట్టలుగా ఉన్న మెరుపేమిటని, పెయింటింగా అని అడిగాడు. కాదన్నాను. కాలుస్తారా అని అడిగాడు. అదీ లేదన్నాను. "కాల్చేకి పనికిరానిది ఎందుకు పెట్టుకొనుండారమ్మా? సరెండర్ చేసేయండి, ఈ తిరుగుడన్నా తప్పుతుంది" అన్నాడు. మంచికే చెప్పాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను, జవాబు గొంతులోనే ఉంది గానీ అది ఒక్క ముక్కలో చెప్పేది కాదు.

మా ఊరు హోసూరు దగ్గరి కెలమంగలానికి అవతల, అడవి అంచున ఉంటుంది. రాగి, ఉలవ, గట్ల మీద మల్బరీ. మా తాతకు ఆ తుపాకి ఒక తెల్లదొర దగ్గర నుంచి వచ్చింది. దేశం విడిచి వెళ్ళిపోతున్న దొరకు దారి ఖర్చు కావలసి వచ్చిందో, లేక మా తాత హళ్ళికార్ ఎద్దుల జతను చూసి మనసు పారేసుకున్నాడో తెలియదు గానీ, ఎద్దులిచ్చి తుపాకి తెచ్చుకున్నాడు మా తాత. అవ్వ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదట. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం ఆపలేదట. "దున్నేకి ఎద్దుల్లేకుండా చేసి, ఇనప కట్టె తెచ్చినాడు మీ తాత" అని నాకు ఊహ తెలిసేనాటికి కూడా అంటూనే ఉండేది.

కానీ ఆ ఇనప కట్టెను ఒకసారి చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, అది ఎలాంటి పనివాళ్ళ చేతిలో పుట్టిందో. అక్రోటు చెక్క మీద నీటి అలల్లాంటి చారలు. రెండు పక్కలా ఇనుము మీద చెక్కిన కౌజుపిట్టలు, ఒకటి నేల చూస్తుంది, ఇంకొకటి ఆకాశం చూస్తుంది. పైన మేక చెవుల్లా రెండు సుత్తులు. మధ్య వేలి మీద పెడితే అటూ ఇటూ ఒరగకుండా నిలబడేది. దొర చేతులు పొడుగు, మా తాతవి పొట్టి, భుజానికి ఆనించే కట్టె ఆయనకు బారెడయ్యేది. వడ్రంగి చేత కోయించుకోమని నలుగురూ చెప్పారు. "నా చెయ్యి సాగదీసుకుంటా గానీ దాని కట్టె కొయ్యను" అన్నాడట. ఆయన మెడ వంచి, మోచెయ్యి చాచి గురిపెట్టే తీరు చూసి ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు, అయినా ఉలవచేలో లేచిన కౌజు మళ్ళీ వాలేది కాదు. అదంతా వేటకు అడ్డూ అదుపూ లేని కాలం. చట్టం వచ్చిన రోజునుంచి ఆయన పిట్ట మీద గురిపెట్టలేదు, పంట మీద పడే జంతువులను బెదిరించడానికి గాలిలోకి పేల్చడమే.

తుపాకికి ఆయన పెట్టుకున్న మర్యాదలు మాకు ఇంటి ఆచారాలైపోయాయి. గడప దాటేముందు విరిచి పట్టుకోవాలి. ఖాళీదైనా సరే మనిషి వైపు తిప్పకూడదు. మూసేటప్పుడు బిడ్డ నిద్రపోతున్న గది తలుపు మూసినట్టు మూయాలి. కుట్టుమిషను నూనె తప్ప ఇంకో నూనె తగలకూడదు. ఇవి కాక ఇంకో కట్టుబాటు ఉంది: నల్లమందు తూటాలే, అంటే పాతకాలపు నల్ల తుపాకిమందు కూరినవే, వెయ్యాలి. దొర తన వంటవాడి చేత చెప్పించి మరీ వెళ్ళాడట, ఈ గొట్టం పోతపోసి తొలిచింది కాదు, ఇనుమూ ఉక్కూ పేలికలు మెలిపెట్టి, చుట్టి, కొట్టి అతికించింది, ఘాటు మందుకు తట్టుకోదు అని. మా నాయనకు ఆ మాట మీద నమ్మకం లేదు. నున్నగా, ముదురు గోధుమరంగులో ఉన్న గొట్టంలో మెలికలెక్కడున్నాయి? దొర కోతలు, వంటవాడి తర్జుమా, తాత చాదస్తం అని తేల్చేశాడు.

నాకు పదేళ్ళున్న ఏడు, ఆయుధపూజ ముందు ఏనుగులు దిగాయి. పక్క చేను ఒక్క రాత్రిలో తొక్కిపోయాయి, ఇక తర్వాతి వంతు మా రాగిది. ఆ రాగే మాకు ఏడాది తిండి. తాత దగ్గరున్న నల్లమందు తూటాలు ఆ వానలకు చెమ్మగిల్లి పనికిరాకుండా పోయాయి. నాయన బెంగుళూరు వెళ్ళి ఎర్రటి కొత్త తూటాలు తెచ్చాడు, కంపెనీవి, మంచి ఘాటైనవి. పూజ కాగానే తుపాకి తీసుకుని మంచె ఎక్కుతానన్నాడు. తాత వద్దన్నాడు. నాయన వినలేదు. ఏనుగుల ముందు దొర మాట నిలబడుతుందా అని తండ్రినే ఎదిరించి అడిగాడు. తాతకు చూపించడానికి రుజువు లేదు, పూజ రోజు సంతలో పనుందని కెలమంగలం వెళ్ళిపోయాడు, కోపమో దిగులో తెలియదు.

ఇక మా మేనత్త, నాయనకు అక్క. ఇంటి పెత్తనమంతా ఆమెదే. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చి, అవ్వ పోయాక తాళాలగుత్తి నడుముకు చెక్కుకున్న మనిషి. అమ్మవారి ముందు మురికి వస్తువు పెట్టడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే. నాగటి కర్రు, కొడవళ్ళు, తక్కెడ, చెంబులు అన్నీ పెరట్లో కుప్పపోసి, చింతపండూ బూడిదా వేసి తోముతూ, తుపాకి కూడా తెప్పించుకుంది. గొట్టాలు ఊడదీసే తీరు ఆమెకు తెలుసు, తాత నూనె రాసేటప్పుడు చూసిందే కదా. ఆ గోధుమరంగు ఆమె కంటికి తుప్పులా కనిపించింది. "ఇంత తుప్పు పట్టినదానికి కుంకుమ పెడితే ఆ తల్లి ఊరుకుంటుందా?" అని చింతపండు గుజ్జు దండిగా పట్టించి, ఇత్తడి బిందెలు తోమేదాకా నానబెట్టి, తర్వాత కొబ్బరిపీచుతో రుద్దిందయ్యా! రంగంతా బురదలా కారిపోయింది.

నీళ్ళు పోసి కడిగింది. గొట్టాలను వెలుతురుకు ఎత్తింది.

గొట్టం ఈ చివరనుంచి ఆ చివరదాకా తెల్లగా, నల్లగా చుట్టలు తేలాయి. పట్టుపురుగు గూడు అల్లుతూ తల తిప్పినట్టు, చుట్టలో చుట్ట, ఎక్కడా తెగకుండా. ఎంత అందమో చెప్పలేను, నా జీవితంలో అంతటి పనితనం మళ్ళీ చూడలేదు. కానీ మేనత్తకు అందం కనబడలేదు, తండ్రి ప్రాణంగా చూసుకునే వస్తువు పాడుచేశానన్నదే కనబడింది. 

ఆమెకు తండ్రంటే భయమూ ఎక్కువే, ప్రేమా ఎక్కువే, అందుకే గడప పక్కన గొట్టాలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా తాత వచ్చాడు. గొట్టాలు అందుకుని వాకిట్లో ఎండవైపు తిప్పాడు. ఆయన చాలాసేపు చూసి, తిట్టకుండా, నాయనను పిలిచాడు. నాయన వేలు పట్టుకుని ఆ చుట్టల మీద మెల్లగా నడిపించాడు. "సూడ్రా. దొర చెప్పిన మెలికలు ఇయ్యే. ఇన్నేండ్లు నా చేతిలో ఉండి మొగం సూపించలేదు గదా ఇది." నాయన వేలు వెనక్కి లాక్కున్నాడు. అయినా చేతికి వచ్చిన పంట కళ్ళముందు ఆడుతోందేమో, "రాగి పోతాదే నాయనా" అన్నాడు. "రాగి మళ్ళా ఏసుకుందాం. చెయ్యి మళ్ళా మొలవదు" అన్నాడు తాత. అంతే, ఎర్రతూటాల పెట్టె మేనత్త చేతికిచ్చి బీరువాలో పెట్టించాడు.

ఆ రాత్రి ఊరంతా డబ్బాలు కొట్టింది, దివిటీలు పట్టింది. సగం చేను పోయింది. ఆ ఏడు మా ఇంట్లో ముద్ద చిన్నదైంది, నాయన చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత తాత ఆ తుపాకినీ నాయననూ వెంటబెట్టుకుని బెంగుళూరు తుపాకుల అంగడికి వెళ్ళాడు. అక్కడి పెద్దాయన గొట్టం మందం కొలిచి, ఎర్రతూటా చూసి, ఇది వేసి కాల్చి ఉంటే గొట్టం కింద పట్టుకునే ఎడమచెయ్యి మణికట్టు దాకా ఎగిరిపోయేదని చెప్పాడట. రంగు మళ్ళీ వేస్తానన్నాడట కూడా. తాత వద్దన్నాడు, చూసే కళ్ళకు కనబడనీ అని. మా మేనత్త మాత్రం ఆ తర్వాత ఎవరు ఇంటికొచ్చినా, కాఫీ ఇవ్వకముందే, తన చింతపండు సంగతి చెప్పకుండా వదిలేది కాదు.

ఇప్పుడు ఉలవచేలు లేఅవుట్లయ్యాయి, మల్బరీ గట్ల మీద గులాబీలు పెంచే ప్లాస్టిక్ గుడారాలు లేచాయి, తెల్లవారుజామున కౌజు కూత విని ఎన్నేళ్ళయిందో. ఏనుగులు మాత్రం వస్తూనే ఉన్నాయి, వాటి దారిలో మనమే ఇళ్ళు కట్టుకున్నాం. తాత పోయాడు, మేనత్త పోయింది. ఒక వస్తువును చేతిలోకి తీసుకుని, చేసినవాడెవడో అని కాసేపు ఆలోచించే తీరిక కూడా వాళ్ళతోనే పోయిందేమోనని నాకు దిగులు.

ఇదంతా ఆ సబ్ ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. విన్నాడు, మంచి పిల్లవాడు. "అదప్పా సంగతి. పేలలేదు కాబట్టే పెట్టుకొనుండాము" అన్నాను. ఆయన తుపాకిని మళ్ళీ విరిచి, ఎండకు తిప్పి చూసి, ఈసారి చప్పుడు కాకుండా మూశాడు.

ఒక్కటి మాత్రం ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతాను. నాయన చివరి రోజుల్లో హోసూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, కుడిచేతికి సెలైను సూది గుచ్చి ఉండేది. పక్కన కూర్చుని నేను పట్టుకున్నది ఆ ఎడమచేతినే. అయిదు వేళ్ళూ వెచ్చగా నా చేతిని బిగించి పట్టుకున్నాయి.