లేపొద్దన్న అక్క

మొన్న మొదటి షిఫ్టు దిగి సెల్లు చూసేసరికి నా భార్యవి ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మిషనక్క పోయిందట. పొద్దున టీ పెట్టుకుంటూ కూలబడిందట, గుండెపోటు.

ఖమ్మంలో ఒక దవాఖానాలో పసిపిల్లల ఊపిరి కొలిచే మిషను దగ్గర ఆమె పని, అందుకే అందరికీ మిషనక్క. భద్రాచలం వైపు అడవి ఊళ్లో పుట్టిన మనిషి. కబురుతో పాటే కొందరి నోట ‘మంచిదే గానీ మొండిది’ అన్న మాట కూడా విన్నాను. నాకు ఒళ్లు మండింది. ఆమె మంచితనమంతా ఆ మొండితనంలోనే ఉంది. కాదనేవాళ్లు నా బిడ్డను చూసి మాట్లాడాలి.

మా పాప ఏడో నెలలోనే పుట్టింది. ఆక్సిజన్ తీసి ఇంటికి పంపొచ్చా లేదా అన్నది ఆ మిషను చెప్పాలి. ఆ గదిలో ఫ్యాను తిరగదు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గరి ప్లాస్టిక్ బకెట్లో వేయాలి. పాప పాలు తాగి తనంతట తాను నిద్రపోవాలి. అప్పుడు అక్క చిన్న మాస్కును అరచేతుల్లో వెచ్చచేసి పాప ముఖానికి మెల్లగా ఆనించేది. తెరమీద గీత కదిలేది.

నేను బొగ్గుగని మనిషిని. మాకూ ఊపిరి పరీక్ష ఉంటుంది. గొట్టం నోట్లో పెట్టి ‘ఊదు, ఇంకా ఊదు’ అని అరుస్తారు. తక్కువొస్తే అన్‌ఫిట్ అంటారని దగ్గు దాచుకుని ఊదేవాళ్లం. ఆ బుద్ధే అక్కడా పనిచేసింది. తెరమీద గీత చిన్నగా కనబడగానే పాప ఫెయిలవుతుందనుకున్నాను. అక్క అటు తిరిగినప్పుడు పాప అరికాలు గోటితో గీకాను. పాప కెవ్వుమంది, గీత అమాంతం ఎగిరింది. పాసయిందనుకున్నాను.

అక్క ఆ లెక్క మొత్తం కొట్టేసింది.

“తమ్మీ, నీ బిడ్డ పాసు గావాల్సిన పని లేదు. ఊపిరి ఎట్లున్నదో మనకు తెల్వాలె, గంతే. ఇయ్యాల నువ్వు దాస్తే రేపు ఇంటికాడ ఎవరు చూస్తరు?”

సిగ్గుపడి పాపను జోకొట్టడం మొదలుపెట్టాను.

పాప మళ్లీ నిద్రపోవడానికి మూడు గంటలు పట్టింది. ఈలోగా పెద్ద డాక్టరు వచ్చి, ఎవరో ఆఫీసరు గది చూడటానికి వస్తున్నాడు, ముందు వచ్చిన నంబరే రాసి ముగించమన్నాడు. అక్క రాయనన్నది. సరిగ్గా పాపకు కన్నంటుకోగానే ఆఫీసరు గుమ్మంలోకి వచ్చాడు. అక్క తలుపుకు స్టూలు అడ్డం పెట్టింది.

“సార్, ఇప్పుడే పండుకున్నది, లేపొద్దు. జరసేపు బయట ఉండుండ్రి.”

ఆయన బయటే నిలబడ్డాడు. దానికి ఆమెకు మెమో ఇచ్చారు. దాన్ని బీరువా తలుపు లోపల అతికించుకుంది, అడిగినవాళ్లందరికీ చూపించేది.

అసలు నంబరు తక్కువే వచ్చింది. ఇంకో ఇరవై రోజులు ఉండాలన్నారు. అక్కను మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను. పన్నెండో రోజు పాప ఉన్నట్టుండి నీలంగా మారింది. పక్కనే ఆక్సిజన్ ఉంది, సిస్టర్లు ఉన్నారు, బతికింది. అదే మా ఇంట్లో అయితే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

ఆ తర్వాత నా పరీక్షలో నేను దగ్గు దాచలేదు. అన్‌ఫిట్ అన్నారు. అననీ. ఇప్పుడు గని పైన డ్యూటీ చేస్తున్నాను.

నిన్న ముగ్గురం అక్క ఊరికి పోయాం. పాపకు ఇప్పుడు ఐదేళ్లు. బస్సు దిగి నడుస్తుంటే నా భుజం మీదే నిద్రపోయింది. మేం చేరేసరికి శవాన్ని ఎత్తబోతున్నారు, డోళ్లవాళ్లు కర్రలు చేతబట్టి నిలబడ్డారు. ఆఖరి చూపు, పిల్లను లేపమని ఒక పెద్దాయన అన్నాడు.

“లేపను,” అన్నాను.

పొద్దు పోతుందని నలుగురూ గొణిగారు. నేను కదల్లేదు. అక్క తమ్ముడు దగ్గరికి వచ్చి, అక్క కొలిచిన పిల్లేనా అని అడిగాడు. అవునన్నాను. అతను డోళ్లవాళ్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు. వాళ్లు కర్రలు చంకన పెట్టుకుని నీడకు జరిగి కూర్చున్నారు.

వాకిట్లో అంతమందిమి ఉన్నా ఎవరూ మాట్లాడలేదు. నా చెవి పక్కన పాప ఊపిరి వస్తూ పోతూ ఉంది.