బాబాయి బుగ్గలో బెల్లం

మా బాబాయి ఒంటిచేత్తో పల్నాటి యుద్ధాన్ని మళ్లీ మొదలుపెట్టిన శివరాత్రి పూట నేను అక్కడే ఉన్నాను. నా కింది పెదవి మీద మూడు కుట్లు సాక్ష్యం.

కోటప్పకొండకు బయల్దేరాల్సిన మా ఊరి ప్రభకు జనం మోకులు బిగిస్తున్నారు. వెదుళ్లతో ఆకాశానికి చిల్లు పెట్టేంత ఎత్తున కట్టిన ప్రభ అది. ఉన్నట్టుండి బాబాయి దుడ్డుకర్ర అందుకుని, మోకు పట్టిన నలుగురినీ గొడ్లను బాదినట్టు బాదాడు. కొబ్బరికాయల గోతాన్ని తన్నాడు. లక్ష కాయలు వీధిన పడి పరుగెత్తాయి. ఆపబోతే నా మూతి పగిలింది. నా ఒంట్లో అంత నెత్తురుందని నాకే తెలీదు.

"శివరాత్రి పూట తాగొచ్చాడు, సిగ్గులేనోడు! కట్టెయ్యండ్రా!" అని అరిచాడు ప్రభ పెద్ద.

ప్రభ మోకుతోనే ట్రాక్టరు చక్రానికి కట్టారు. కట్టాక కూడా ఇద్దరు చెప్పులు తీశారు. బాబాయి చొక్కా పిండితే బిందెడు చెమట వచ్చేలా ఉంది. నా వైపు చూశాడు గానీ, నేనెవరో ఆ కళ్లకు తెలియలేదు. దగ్గరికెళ్లి నోరు వాసన చూశాను. మందు వాసన లేదు. పక్కనే ఏడుస్తున్న పిన్ని వైపు తిరిగాను.

"పిన్నీ, పొద్దున ఇన్సులిన్ చేసుకున్నాడా?"

"రోజూ చేసుకునేదేగా!"

"మరి ఏమన్నా తిన్నాడా?"

"ఉపాసం నాడు తినడమేందిరా? సూదేమన్నా అన్నమా, ఉపాసం చెడటానికి?"

కాలేజీలో ఇరవై ఏళ్లుగా నేను జువాలజీ చెబుతున్నాను. నరాల కణం పొరలో మిర్చియార్డును మించిన హమాలీలుంటారు. మూడు సోడియం బస్తాలు బయటికి, రెండు పొటాషియం బస్తాలు లోపలికి, క్షణం ఆగకుండా మోస్తారు. మన తెలివీ, మాటా ఆ మోత మీదే నిలబడ్డాయి. వాళ్లకు కూలి చక్కెర. మెదడుకు గాదె లేదు, ఏ పూటది ఆ పూటే. ఇన్సులిన్ ఆ కూలిని పట్టుకెళ్లి కండల్లో దాచేసింది. ముందు బుద్ధి చెడుతుంది, తర్వాత మూర్ఛ. హమాలీలు పూర్తిగా చతికిలబడితే ఇక బాబాయి ఉండడు.

"బెల్లం తే పిన్నీ!"

"ముప్పై ఏళ్ల మొక్కురా! చెడగొట్టానని తెలిస్తే నన్ను బతకనిస్తాడా?"

"ముందు ఆయన బతకాలిగా!"

పిన్ని ఉరికింది. దేవుడికని తీసిపెట్టిన బెల్లం తెచ్చి, కొండ వైపు తిరిగి, "నువ్వే తిన్నావనుకో స్వామీ" అంది.

నేను బెల్లం నలిపి బాబాయి బుగ్గలోపల రుద్దాను. ఆయన నా చూపుడు వేలిని ఎముక దాకా కొరికాడు. నేను పెట్టిన కేకకు కృష్ణకు అవతల తెలంగాణ గట్టున కొంగలు లేచి ఉంటాయి. అయినా వేలు తియ్యలేదు. కాసేపటికి పళ్లు వదులయ్యాయి, గుటక పడింది. అప్పుడు బెల్లం నీళ్లు గ్లాసుతో పట్టాను.

పావుగంటకు బాబాయి కళ్లలోకి బాబాయి తిరిగొచ్చాడు. మోకు విప్పారు. ముందు నా మూతి చూశాడు, తర్వాత నెత్తురోడుతున్న వేలు చూశాడు. పక్కనున్న దుడ్డుకర్ర మళ్లీ అందుకున్నాడు.

"ఎవడ్రా మావోణ్ణి కొట్టింది? చెప్పండి, ఈడనే పాతేస్తా!"

చెప్పులు తీసిన ఇద్దరూ ప్రభ వెనక్కి జారుకున్నారు. పిన్ని మాత్రం ఇంకో బెల్లం ముక్క ఆయన నోట్లో కుక్కింది.