ప్రార్థన అంశాల్లోకి ఎక్కిన నా కథలోని పిల్ల

సర్వశక్తిమంతుడైన దేవునికి స్తోత్రం. రాత్రి షిఫ్టుల్లో నన్నూ, షుగరుతో ఉన్న మా పెద్దమ్మనూ కాపాడి, నాకు రాసుకునే బుద్ధిని, రాసినదాంట్లో చెత్త ఎంతో తెలుసుకునే బుద్ధిని ఇచ్చిన ప్రభువుకే మహిమ.

ఈ నెల నా నవల ఒక్క అధ్యాయమే కదిలింది. మా రచయితల వాట్సాప్ గ్రూపులో ఈ మాట చెబితే జాలి బొమ్మలు పెడతారు. నెలాఖరు వచ్చిందంటే అక్కడ పెళ్లి పందిరే. ఎవరు ఎన్ని వేల పదాలు రాశారో చదివింపులు చదివినట్టు చదువుతారు. లాప్‌టాప్ పక్కన కాఫీ కప్పు ఫోటో తప్పనిసరి. ఆ వేల పదాల్లో ఒక్క మనిషికైనా ఆకలి వేసిందా అని ఎవరూ అడగరు.

రాయని రోజుల్లో గేములు ఆడాను. మా బావమరిది బదిలీ మీద పోతూ తన గేమ్ మెషీన్‌ను పాల్వంచలోని మా క్వార్టర్‌లో వదిలేశాడు. అందులో అందరూ ఆహా ఓహో అంటున్న అడవి గేమ్ ఒకటి. ఆ అడవిని తయారుచేసినవాడు అడవి మొహం చూడలేదని మొదటి చెట్టు దగ్గరే తెలిసిపోయింది. దోమ లేదు, జలగ లేదు, కాలు దిగబడే బురద లేదు. నాలుగు దెబ్బలకు చెట్టు పడుతుంది, దుంగలన్నీ హీరో జేబులోకి పోతాయి. మా జిల్లా అడవి అంచున ఉన్న చర్ల రోడ్డు మీద కట్టెల మోపుతో నడిచే ఆడవాళ్లను ఒక్కసారి చూసినవాడు ఆ జేబు కుట్టడు. జ్వరం వస్తే ఒక ఆకు నమిలితే చాలు. చస్తే చలిమంట పక్కన మళ్లీ లేచి కూర్చుంటాడు. ఇంకో గేములో పాడుబడ్డ చర్చి ఉంది. అక్కడ మోకరించి బటన్ నొక్కితే కత్తికి పదును పెరుగుతుంది. మోకాళ్ల మీద ఉన్నవాడికి కత్తి పదును ఎందుకో ఆ చేసినవాడే చెప్పాలి.

నా నవలలో అలాంటి ఆకు లేదు. చర్ల అవతల అడవిలో ఒక ఊరు, పొంగిన వాగు, జ్వరంతో కాలిపోతున్న ఒక పిల్ల. అధ్యాయం చివర ఆ పిల్ల చనిపోవాలి. అది జరిగితే గానీ నా కథానాయకుడికి కోపం రాదు, కథ నడవదు. షిఫ్టు దిగి వచ్చాక వెనక వరండాలో నిలబడి, కథలోని మనుషుల మాటలను ముందు నోటితో పలికి ఫోన్‌లో రికార్డు చేసుకోవడం నా అలవాటు. "అన్నా, పిల్లకు జ్వరం దిగుతలేదే. వాగు దాటరాదు. అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగింది." ఇలా వారం రోజులు పలికాను. వంటింటి కిటికీ ఆ వరండాలోకే ఉంటుంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు ఎవరెవరి కోసం ప్రార్థించాలో ఆ అంశాలు చెబుతూ, "చర్ల అవతల, వాగు దాటలేక జ్వరంతో పడి ఉన్న పాప కోసం" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. నేను కల్పించింది నిజంగానే జరుగుతోందనుకుని లోపల గర్వపడ్డాను కూడా. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

తిరుగు దారిలో బండి వెనక కూర్చున్న పెద్దమ్మ అడిగింది.

"ఏరా, ఆ పిల్లకు ఎట్లున్నది ఇప్పుడు?"

"ఏ పిల్ల?"

"గదే, రోజు ఫోన్ల మాట్లాడుతవ్ గదా. నేనే జెప్పిన పాస్టరు అయ్యగారికి. జ్వరం దిగే దాక పొద్దటి పూట ముద్ద ముట్టనని మొక్కుకున్న."

బండి పక్కకు ఆపాను. రెండు రోజుల కిందట కుళాయి దగ్గర కళ్లు తిరిగి కూలబడి, ఉత్త నీరసం అని చెప్పింది ఈమే. ఖాళీ కడుపుతో షుగరు మాత్ర వేసుకుంటోందన్నమాట.

"పెద్దమ్మా, ఆ పిల్ల లేదు. అది నేను రాసే కథ."

"లేదా? సంఘమంతా కండ్లు మూసుకొని ఏడ్చింది గదరా! నువ్వే గదా ఆమేన్ అని గోడలు అదిరేటట్టు అన్నవ్?"



బండి దిగి నా ముందుకు వచ్చి నిలబడింది. "సరే, కథే అనుకో. ఏం జేస్తవ్ ఆ పిల్లను?"

"చచ్చిపోతది."

"దేనికి?"

"కథకు కావాలె."

"నీ కథకు పిల్ల పానం కావాలెనా? వాగు దాటించు. అందాక నేను తినను."

మా సంఘాల పత్రికల్లో వచ్చే కథలంటే నాకు ఒళ్లు మంట. తాగుబోతు, జూదగాడు, రోగి, ఎవరైనా సరే చివరి పేరాలో మోకరించి లేస్తే అన్నీ చక్కబడతాయి. అది గేములోని ఆకే, పేరు మారింది, అంతే. అలాంటి కథ రాయనని పెద్దమ్మతో తెగేసి చెప్పాను. "పిల్లను బాగు జెయ్యమన్ననా? దాటించుమన్న" అంది. మర్నాడు పొద్దున్నా ఉప్మా గిన్నె పక్కకు జరిపింది.

ఆమె మొండితనం ముందు నా మొండితనం ఏపాటిది? రాయడానికి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, ఆ పిల్లను చంపడానికి నాకు నాలుగు వాక్యాలు సరిపోయేవని. వాగు దాటించడం అలా కాదు. పిల్లను పడుకోబెట్టి మంచానికి తాళ్లు కట్టాలి. మోసేవాళ్లు కావాలి. ముందున్నవాడి ఛాతీ దాకా నీళ్లు రావాలి, మంచం ఒరగకూడదు. తల్లి వెనక రావాలా, ఒడ్డునే ఉండాలా? అసలు అంతవరకు ఆ తల్లి ముఖమే నేను రాయలేదు. గేములో చచ్చి లేచే హీరోను వెక్కిరించిన నేను, ఒక తల్లిని ఖాళీగా వదిలేసి పిల్లను చంపబోయాను. ఆ గేము చేసినవాడు నాకంటే ఏమంత తక్కువవాడు కాదు.

రాసింది వంటింట్లో నిలబడి చదివాను. పెద్దమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ వింది. మంచం అవతలి ఒడ్డున ఆనగానే లేచి, పళ్లెం తీసుకుని, చల్లారిన రొట్టె పెట్టుకుంది.

"జ్వరం ఇంకా దిగలేదు పెద్దమ్మా. బతుకుతదో లేదో నేనింకా రాయలే."

"అవ్, విన్న. ఒడ్డుకైతే తెచ్చినవ్ గదా." రొట్టె నములుతూనే అంది.

ఆదివారం పాస్టరు గారికి సంగతంతా చెప్పి, ఆ అంశం తీసేయమన్నాను. ఆయన నవ్వలేదు. "పాపకు పేరు పెట్టలేదు గదా బ్రదర్. ఉండనీయండి. ఆ వాగు అవతల ఎవరో ఒకరు ఉండే ఉంటరు" అన్నారు.

గ్రూపులో ఈ నెల ఎంత రాశావని అడిగితే, ఒక వాగు దాటానని పెట్టాను. ఎవరో చప్పట్ల బొమ్మ పెట్టారు. ఏం అర్థమైందో, ఆ బొమ్మ పెట్టినవాడికే తెలియాలి.

ఇది చదువుతున్న మీరు చేతిలో గేము ఉంటే కాసేపు పక్కన పెట్టండి, కాఫీ కప్పు ఉన్నా సరే. వానకు దారి తెగిన ఊళ్లో ఇప్పుడు ఏ పిల్ల ఒళ్లు కాలుతోందో మీకూ నాకూ తెలియదు. తెలిసినవాడు ఒకడున్నాడు. ఆ మంచం మోసే భుజాలు జారకూడదని నాతో కలిసి ఆయన్ని అడగండి.